పొత్తిగుడ్డ చెప్పే సంగతులు

చంటిబిడ్డ ఉన్న ఇంట్లో రోజూ ఒక చిన్న పంచాయితీ జరుగుతుంది. బాలింత గుడ్డ మార్చబోతూ ఆగిపోయి, "అత్తయ్యా, ఒకసారి ఇటొచ్చి చూడండి, ఇది మామూలేనా?" అంటుంది. అత్తగారు కళ్లజోడు వెతుక్కుని వచ్చి చూసి, "నిన్న మామిడిపండు తిన్నావుగా, నీ ఒంట్లో వేడి" అని తేల్చేస్తారు. పుట్టింటి నుంచి అమ్మ ఫోనులో "దిష్టి తగిలిందేమోనే, ఉప్పు తీసి పొయ్యిలో వెయ్యి" అంటుంది. పక్కింటి పిన్నిగారు "పళ్లు వస్తున్నాయేమో" అంటుంది. ఆ బిడ్డకింకా మూడో నెల కూడా నిండలేదు! బిడ్డ తండ్రి రెండు గదుల అవతల నుంచి ముక్కు మూసుకునే "డాక్టరుకి చూపించెయ్, గొడవ వదిలిపోతుంది" అని సలహా పారేస్తాడు.

కాఫీ తాగుతూ చదువుకునే పేజీలో ఈ సంగతేమిటని ముఖం చిట్లించకండి. మాటలు రాని ప్రాణి తన ఒంట్లో ఏం జరుగుతోందో మనకు చెప్పుకోవడానికి ఉన్న దారులెన్ని? ఏడుపు, పాలు తాగే తీరు, ఈ గుడ్డ. మొదటి రెండింటి గురించీ మనం బోలెడు చెప్పుకుంటాం. మూడోదాని దగ్గరకొచ్చేసరికి మర్యాద అడ్డొస్తుంది. కానీ పాలు మార్చాలా, మందు వెయ్యాలా, సెలైను ఎక్కించాలా అన్న నిర్ణయాలు చాలావరకు ఆ గుడ్డ మీద కనిపించిన దాన్ని బట్టే జరుగుతాయి. మరి మనం చూసింది చూసినట్టు చెప్పగలుగుతున్నామా? చెప్పింది చెప్పినట్టు డాక్టరుగారు వింటున్నారా?

పిల్లల డాక్టరు గది ముందు సాయంత్రం పూట కూర్చున్నవాళ్లకి తెలుసు. టోకెను పిలుస్తారు. "మోషన్స్ ఎలా ఉన్నాయమ్మా?" "పల్చగా అవుతున్నాయండీ." "ఎన్నిసార్లు?" "చాలాసార్లండీ." అంతే, చీటీ మీద పెన్ను కదిలిపోతుంది. మనం బయటికొచ్చేస్తాం. డాక్టరుగారు గుడ్డ చూడలేదు, ఆయన చూసే వేళకి బిడ్డ చెయ్యాలని లేదు కదా. కళ్లారా చూసిన మనిషి తల్లి, తీర్పు చెప్పే మనిషి చూడని మనిషి. ఆ ఇద్దరి మధ్యా ఉన్న వంతెనల్లా "పల్చగా", "చాలాసార్లు" అనే రెండు మాటలు.

ఆ మాటలు ఎంత బలహీనమైనవో ఒక్క రంగు సంగతి తీసుకుంటే తెలిసిపోతుంది. తెలుగులో పచ్చ అంటే ఏ రంగో చెప్పండి చూద్దాం. పచ్చని చేను అంటే ఆకుపచ్చ. పచ్చకామెర్లు అంటే పసుపు. పేరంటంలో పచ్చటి పాదాలంటే పసుపు రాసుకున్నవి. అలాంటప్పుడు "పాపకి పచ్చగా అవుతోందండీ" అని తల్లి అంటే ఎదుటివాళ్లు ఏ రంగు ఊహించుకోవాలి? పసుపుపచ్చగా, అక్కడక్కడ ఆవగింజలంత పలుకులతో, మెత్తగా ఉంటే తల్లిపాలు తాగే బిడ్డకు అంతకంటే చక్కటి లక్షణం లేదు. ఆకుపచ్చగా ఉన్నా, బిడ్డ హుషారుగా పాలు తాగుతూ బరువు పెరుగుతూ ఉంటే చాలాసార్లు కంగారు పడాల్సింది ఏమీ ఉండదు. పైత్యరసం పేగుల్లోంచి తొందరగా కదిలి వచ్చేస్తే ఆ రంగు అలాగే ఉండిపోతుంది, అంతే. ఐరన్ చుక్కలు వేస్తున్నా ముదురు ఆకుపచ్చగానో నల్లగానో మారుతుంది.

"తెల్లగా" అన్న మాట ఇంతకంటే ప్రమాదం. ఒక తల్లి "తెల్లగా పడుతోందండీ" అంటే పసుపు మధ్యలో పెరుగు తరకల్లాంటి పలుకులు కనిపించాయని అర్థం. అది అరగని పాల మీగడే, భయం లేదు. ఇంకో తల్లి కూడా అదే మాట అంటుంది, కానీ ఆమె చూసింది మొత్తం సుద్దలాగో, తడిసిన సీమసున్నంలాగో పాలిపోయిన మలం. మొదటి తల్లి నిశ్చింతగా ఇంటికెళ్లి పడుకోవచ్చు. రెండో తల్లి ఆ రోజే పెద్దాసుపత్రి మెట్లెక్కాలి. ఇద్దరి నోటా వచ్చింది ఒక్కటే మాట. దీని సంగతి మళ్లీ చెబుతాను.

"చాలాసార్లు" దగ్గరికొద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అతిసారానికి చెప్పే లెక్క: రోజులో మూడుసార్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పల్చగా లేక నీళ్లలా విరేచనం కావడం, లేదా ఆ మనిషికి మామూలుగా అయ్యేదానికంటే ఎక్కువసార్లు కావడం. ఆ వెంటనే ఒక మినహాయింపు కూడా ఉంది. తల్లిపాలు తాగే పసిపిల్లలకి మెత్తగా, ముద్దముద్దగా మాటిమాటికీ అయ్యేది అతిసారం కాదు. ఈ మినహాయింపే మన ఇళ్లలో ఎవరి చెవికీ ఎక్కలేదు. పాలు తాగిన ప్రతిసారీ గుడ్డ తడిపే బిడ్డలు మొదటి నెలలో కోకొల్లలు. అదే బిడ్డ నెలా నెలన్నర దాటాక నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం కూడా గుడ్డ తడపకుండా ఉండొచ్చు. అయినప్పుడు మెత్తగా అయితే అదీ మామూలే. (మొదటి వారాల్లో మాత్రం అలా ఆగిపోతే, పాలు చాలుతున్నాయో లేదో బిడ్డ బరువు తూచి చూడాల్సిందే.)

కానీ జరిగేదేమిటి? ఎక్కువసార్లయితే "నీ పాలు పడటం లేదు" అంటారు. తక్కువసార్లయితే "నీకు పాలు లేవు" అంటారు. ఎటు తిరిగినా నేరం బాలింతదే! పురుడోసుకుని నెల తిరగని పిల్ల, నిద్రకి మొహం వాచి ఉన్న పిల్ల, ఈ మాటకి కుంగిపోకుండా ఎలా ఉంటుంది? మామిడిపండు మానేస్తుంది, పప్పు మానేస్తుంది, ఉప్పూకారం లేని చప్పిడి మెతుకులు మింగుతుంది. చివరికి పాలే మానిపించి డబ్బాపాలు మొదలుపెడతారు. గుడ్డ మీద మరకని తప్పుగా చదవడం వల్ల వచ్చే నష్టాల్లో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మందు వికటిస్తే ఎవరో ఒకరు గుర్తుపడతారు. ఆగిపోయిన తల్లిపాలకి లెక్క రాసేవాళ్లు లేరు.

రెండోవైపు, మలబద్ధకం. బిడ్డ మొహం ఎర్రగా చేసుకుని ముక్కుతూ, పది నిమిషాల పాటు ఏడ్చి, ఆఖరికి మెత్తటి ముద్ద చేస్తుంది. ఇంట్లోవాళ్లు "అయ్యో, కట్టేసింది" అని తమలపాకు కాడ ఆముదంలో ముంచో, సబ్బుముక్క చెక్కో పెడతారు. అది మలబద్ధకం కాదు. కడుపులోంచి ముక్కడం, కింద కండరం వదలడం, ఈ రెండూ ఒకేసారి చెయ్యడం బిడ్డకింకా చేతకాలేదు. కొన్ని వారాల్లో దానంతటదే నేర్చుకుంటుంది. గట్టిగా, మేకపెంటికల్లా అయితేనే దాన్ని మలబద్ధకం అనాలి. అంటే ఇక్కడ చూడాల్సింది బిడ్డ మొహాన్ని కాదు, గుడ్డని. మనమేమో మొహం చూసి ఆముదం సీసా తీస్తాం.

ఈ తికమక మన ఒక్కళ్లదే అనుకోకండి. పెద్దవాళ్ల మలానికి ఒక కొలబద్ద ఉండాలని ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో డాక్టర్లు ఏడు రకాల బొమ్మలు తయారుచేశారు. 1997 నుంచి ప్రపంచమంతా దాన్నే వాడుతోంది. కానీ అందులో గుడ్డ కట్టుకునే బిడ్డలకి చోటు లేదు. పీట మీద కూర్చునేవాళ్లకి పనికొచ్చే బొమ్మ, గుడ్డలో నలిగిపోయినదానికి ఎలా పనికొస్తుంది? అందుకని 2009లో ఆమ్‌స్టర్‌డామ్ డాక్టర్లు పసిపిల్లల కోసం వేరే కొలబద్ద తెచ్చారు. గట్టిదనం, ఎంత అయింది, ఏ రంగు, మూడూ ఫొటోలతో పోల్చి చెప్పాలి. ఆ తర్వాత బ్రస్సెల్స్ డాక్టర్లు డైపర్లలోనే తీసిన ఏడు ఫొటోలు పెట్టి, వాటిని నాలుగు గుంపులుగా కట్టారు: గట్టిది, రూపు కట్టినది, పల్చనిది, నీళ్లలాంటిది. తల్లిదండ్రులకీ, నర్సులకీ, డాక్టర్లకీ అవే ఫొటోలు చూపించి ఎవరెవరు ఏమంటారో పోల్చి చూశారు కూడా. ఇంత చదువుకున్నవాళ్లు పసిపిల్లల డైపర్ల ముందు కూర్చుని ఫొటోలు ఏరుకున్నారంటే, మాటల మీద వాళ్లకి నమ్మకం పోయిందనే కదా! ఆలోచిస్తే సబబే. రాయిలా గట్టిగా ఉన్నదాన్ని, పంపు నీళ్లలా పోయినదాన్ని చూసి ఎవరూ పొరబడరు. పేచీ అంతా నడుమ ఉన్న మెత్తన, పల్చన దగ్గరే. బిడ్డలకి మామూలుగా అయ్యేదీ ఆ నడుమ రకమే.

పైగా ఈ కాలం డైపరు ఒకటి. నీళ్లన్నీ తను పీల్చేసుకుని పైన ముద్ద మిగులుస్తుంది. నీళ్ల విరేచనం కూడా కాస్త చిక్కగానే కనిపిస్తుంది. మూత్రం ఎన్నిసార్లు పోసిందో తెలియదు, ఏ రంగులో ఉందో అసలే తెలియదు. మన పాత మల్లుగుడ్డ ఏదీ దాచుకునేది కాదు. ఉతకలేక చేతులు పడిపోయేవి, ఆ మాట నిజమే. ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్లని మళ్లీ గుడ్డలు ఉతకమని చెప్పే పాపం నేను మూటగట్టుకోను. కానీ మొదటి రెండు నెలలు రోజుకొక్కసారైనా బిడ్డని తెల్లటి గుడ్డ మీద పడుకోబెట్టి చూడటం మంచిది. ఎందుకో చెబుతాను.

మలానికి ఆ పసుపు, ఆకుపచ్చ రంగులు వచ్చేది కాలేయం నుంచి దిగే పైత్యరసం వల్ల. కొందరు పిల్లలకి కాలేయం నుంచి పేగులోకి ఆ రసం తెచ్చే నాళాలు పుట్టిన కొద్ది వారాల్లోనే మూసుకుపోతాయి. దీన్ని బిలియరీ అట్రీషియా అంటారు. అరుదైన జబ్బే, కొన్ని వేలమందిలో ఒకరికి వస్తుంది. బిడ్డ చూడటానికి బాగానే ఉంటుంది, పాలు తాగుతుంది, నవ్వుతుంది. కళ్లలో పసుపు మాత్రం పోదు. మూత్రం గుడ్డకి పసుపు మరక అంటేంత ముదురుగా వస్తుంది. మలం రోజురోజుకీ పాలిపోతూ వస్తుంది. జపాన్ సర్జన్ మోరియో కసాయి 1950లలో కనిపెట్టిన ఆపరేషను ఒకటుంది. కాలేయానికి నేరుగా పేగుని కలిపి రసానికి దారి చేస్తారు. బిడ్డకి అరవై రోజులు నిండేలోగా చేస్తే ఫలితం బాగుంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ కాలేయం గట్టిపడిపోతుంది, అప్పుడిక మిగిలేది కాలేయమార్పిడే. అరవై రోజులంటే ఎంత? పురిటిస్నానం, బారసాల, ఊయలలో వెయ్యడం, అమ్మమ్మగారింటి ముచ్చట్లు... చూస్తుండగానే అయిపోతాయి.

మాకు బాగా తెలిసినవాళ్ల బిడ్డకి ఇలాగే జరిగింది. కామెర్లు తగ్గలేదని రెండుమూడు చోట్ల చూపించారు. "తల్లిపాల కామెర్లు, తగ్గిపోతాయి, పొద్దున్నే ఎండలో పడుకోబెట్టండి" అన్నారు. అలా అనడంలో ఆశ్చర్యం లేదు, రెండు వారాలు దాటినా ఉండే కామెర్లు చాలామంది బిడ్డల్లో అలాంటివే. కానీ మలం రంగు ఏమిటని అడిగింది ఒక్కరే. దానికి ఆ తల్లి "పచ్చగానే అవుతోందండీ" అంది. ఆమె దృష్టిలో అది లేత పసుపు. చూసినవాళ్లెవరికైనా అది మీగడ రంగు. నాలుగో నెలలో పొట్ట ఉబ్బాక గానీ అసలు సంగతి బయటపడలేదు. ఆ తల్లిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. తొలిచూలు బిడ్డ, పోల్చి చూసుకోడానికి ఇంకో బిడ్డ గుడ్డ ఆమె ఎక్కడ చూసింది? రంగు కూడా ఒక్కరోజులో తెల్లబడదు. పట్టుచీర వెలిసినట్టు నెమ్మదిగా వెలుస్తుంది. రోజూ చూసే కంటికి ఆ తేడా ఆనదు.

డాక్టర్ల కళ్లు మాత్రం తప్పు చెయ్యవా? బ్రిటన్‌లో 2012లో వెలువడిన ఒక పరిశీలనలో పిల్లల విభాగాల్లో పనిచేసే డాక్టర్లకీ, నర్సులకీ మలం ఫొటోలు చూపించి ఏది జబ్బుదో చెప్పమన్నారు. పాలిపోయిన రంగు దగ్గర వాళ్లలోనూ చాలామంది తడబడ్డారు. చదువు లేక కాదు. ఫొటో పక్కన పెట్టి పోల్చుకోడానికి ఇంకో రంగు లేక. చీరకి జాకెట్టు గుడ్డ కొనడానికి వెళ్లినప్పుడు చీర వెంట తీసుకెళ్లకుండా, "ముదురు వంకాయరంగు" అని జ్ఞాపకం మీద కొనుక్కొస్తే ఏమవుతుందో మనకి తెలియదూ!

జపాన్‌లో ఈ కిటుకే పట్టుకున్నారు. 1994లో తొచిగి అనే రాష్ట్రంలో బాలింతలకి మలం రంగుల కార్డు ఇవ్వడం మొదలుపెట్టారు. 2012 నుంచి దేశమంతటా తల్లీబిడ్డల పుస్తకంలోనే దాన్ని కుట్టేశారు. తైవాన్ 2004లో దేశమంతటికీ తెచ్చింది. ఒక పేజీ, దాని మీద వరసగా రంగులు, ఇవి మామూలు, ఇవి కనబడితే వెంటనే ఫోను చెయ్యండి అని. తల్లి మాట చెప్పక్కర్లేదు, వేలు పెట్టి చూపిస్తే చాలు. తైవాన్‌లో అరవై రోజుల్లోపు ఆపరేషను అందిన పిల్లలు 2004లో నూటికి 60 మంది ఉంటే, ఏడాది తిరిగేసరికి 74 మంది అయ్యారు. కొత్త యంత్రం కొనలేదు, కొత్త మందు కనిపెట్టలేదు. చదువు రాని తల్లి కూడా డాక్టరుతో సమానంగా చూడగలిగే సాధనం ఆమె చేతికిచ్చారు.

మన దగ్గర పద్ధతి లేక కాదు. పుట్టిన 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఆశా కార్యకర్త ఇంటికొచ్చి బిడ్డని చూడాలని నియమమే ఉంది. బరువు తూస్తుంది, ఒంటి వేడి చూస్తుంది, బొడ్డు చూస్తుంది. ఆ ఆరుసార్లూ ఆమె సంచీలో ఒక రంగుల కార్డు ఉండి, "గుడ్డ ఉతక్కముందు ఒకటి చూపించమ్మా" అని అడిగితే? నలభైరెండో రోజు కూడా అరవై లోపే. ప్రతి తల్లీబిడ్డల కార్డులోనూ ఈ రంగుల పేజీ ఉండి తీరాలి. కార్పొరేట్ ఆసుపత్రుల్లో ప్రసవానికి లక్షలు పోసినవాళ్లకి డిశ్చార్జి రోజున బొమ్మల దుప్పటి, ఊలు టోపీ ఇచ్చి పంపిస్తారు. దాంతోపాటు ఈ కాగితం కూడా పెట్టమని అడగండి. అడిగితే పోయేదేముంది?

కార్డు వచ్చేలోగా మన చేతిలో ఉన్నవి కొన్ని. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు గుడ్డనో డైపరునో మూటకట్టి వెంట తీసుకెళ్లండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఎదుటివాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. అది కుదరకపోతే సెల్‌ఫోనులో ఫొటో తియ్యండి, కానీ పగటి వెలుతురులో, కిటికీ పక్కన, తెల్లటి గుడ్డ మీద. ట్యూబులైటు కింద తీస్తే ఒక రంగు, పసుపు బల్బు కింద తీస్తే ఇంకో రంగు, "బ్యూటీ" మోడులో తీస్తే అన్నీ అందమైన రంగులే! "పల్చగా" అనే బదులు "గుడ్డంతా నీళ్లు ఇంకిపోయి మరక ఒక్కటే మిగిలింది" అనో, "చిక్కటి ఇడ్లీపిండిలా ఉంది" అనో చెప్పండి. "చాలాసార్లు" అనే బదులు గోడ క్యాలెండరు మీద పాలు పోసినప్పుడు గీసినట్టే గీతలు గీసుకోండి. నిన్నటికీ ఇవాళ్టికీ వచ్చిన మార్పు చెప్పడంలో తల్లిని మించిన సాక్షి లేదు. ఆ మార్పుకి పేరు పెట్టడం డాక్టరు పని. ఈ రెండు పనులూ కలగాపులగం చేసి, తల్లే "అజీర్తండీ" అని రోగం పేరు చెప్పేసి, డాక్టరు దానికే మందు రాసేసిన చోటే చిక్కులు మొదలవుతాయి.

ఇక నీళ్ల విరేచనాలే పట్టుకున్నాయనుకోండి, అప్పుడు లెక్క గుడ్డ మీద తేలదు. మాడు లోపలికి దిగిందా, ఏడిస్తే కన్నీరు వస్తోందా, మూత్రం పోసి ఎన్ని గంటలైంది, పాలకి మొహం తిప్పేస్తోందా, మగతగా పడి ఉంటోందా అన్నవి చూడాలి. తల్లిపాలు ఆపకూడదు. ఓఆర్ఎస్ ప్యాకెట్టు, జింకు బిళ్లలు ఆశా కార్యకర్త దగ్గరే దొరుకుతాయి. ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్లే పొయ్యాలి. జింకు బిళ్లలు విరేచనాలు కట్టినా పద్నాలుగు రోజులూ వెయ్యాలి, వయసుని బట్టి సగమో ఒకటో వాళ్లు చెబుతారు. నెత్తురు పడినా, పుట్టిన రెండు రోజుల్లోగా నల్లటి తారులాంటి తొలి విరేచనం కాకపోయినా, మలం సుద్దలా పాలిపోయినా ఎవరి సలహా కోసమూ ఆగొద్దు. రెండు వారాలు దాటినా కళ్లలో పసుపు పోకపోతే "ఎండలో పెట్టండి" అన్నదాంతో సరిపెట్టుకోక, బిలిరుబిన్ రెండు రకాలూ విడివిడిగా చూసే రక్తపరీక్ష చెయ్యమని అడగండి. డైరెక్ట్ బిలిరుబిన్ అంటే వాళ్లకి తెలుస్తుంది.

అన్నట్టు, రెండు గదుల అవతల ముక్కు మూసుకున్న ఆ తండ్రి సంగతి. పసుపుకీ మీగడ రంగుకీ మధ్య తేడా ఒక కన్నుకంటే రెండు జతల కళ్లకి బాగా తెలుస్తుంది. రోజూ చూసే కన్నుకి ఆననిది, అప్పుడప్పుడు చూసే కన్నుకి ఇట్టే దొరుకుతుంది. ఆదివారం పొద్దున ఒక్కసారి ఆయన్ని కూడా కిటికీ పక్కకి పిలవండి.

కార్డు అచ్చువేసే అధికారులకి కూడా ఒక మాట. రంగులు సరిగ్గా పడాలి, ఎండకి వెలవకూడదు. ఒక ప్రతి తెప్పించి మిగతావి జిరాక్సు తీయించి ఊరూరా పంచే అలవాటు మనకుంది. నలుపూ తెలుపూ జిరాక్సులో అందరు బిడ్డలదీ బూడిద రంగే.